మేకు కొట్టని పెట్టె

పోయిన వారం మీరు నన్ను షెడ్డు తలుపు దగ్గర, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో, తెరిచిన నోరు తెరిచినట్టే నిలబెట్టి వెళ్ళిపోయారు. వారమంతా అలాగే నిల్చున్నాననుకోకండి. లోపలికి వెళ్ళాను. వెళ్ళి ఏం చేశానో చెప్పేముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

నా పేరు రోజమ్మ. ఇంగ్లీషువాళ్ళ దేశంలో, ఇల్ఫర్డ్ అనే ఊళ్ళో, ముసలివాళ్ళని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సుని. మా ఆయన ప్రేమ్‌నాథ్, నరసాపురంలో శవపెట్టెలు చేసిన ఏసుపాదం గారి కొడుకు. ఇక్కడ ఇరవై ఏళ్ళు హాస్పిటల్లో పోర్టర్‌గా ట్రాలీలు తోసి రిటైరయ్యారు. మా హోమ్‌లో పన్నెండో నంబరు గదిలో డోరీన్ ఉంటుంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, కాన్సర్ ఎముకల్లోకి పాకింది. వాళ్ళ నాన్న ఈ ఊళ్ళోనే అంత్యక్రియలు జరిపించే పని చేసేవాడు. ఆయన హర్స్, అంటే శవపెట్టెని సమాధుల తోటకి తీసుకెళ్ళే పెద్ద నల్ల కారు, 1936 నాటిది, ఆమె పాత ఇంటి వెనక షెడ్డులో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. కళ్ళు మూసేలోగా దాన్ని బాగుచేయించాలని ఆమె పట్టు. మా మామగారు పెట్టెలు చేసేవారని ఆమె దగ్గర నోరు జారింది నేనే. అనుభవిస్తున్నదీ నేనే.

ఇంజిన్ సంగతి బార్కింగ్‌లో గరాజ్ నడిపే పార్థసారథి గారు చూశారు. చెక్క పని మా ఆయనది. ఆ కారు పైసగమంతా చెక్కే. అద్దాల చుట్టూ తెరలు కట్టినట్టు ఉంటుంది గాని అవి గుడ్డ తెరలు కావు. మడతలూ కుచ్చులూ అన్నీ మహాగనీలో చేత్తో చెక్కినవే. నాలుగు మూలలా నాలుగు లిల్లీ గుత్తులు. వాటిలో ఎడమవైపు వెనక మూల గుత్తి పురుగు తిని పిండైపోయింది. దాన్ని కొత్తగా చెక్కాలి. మూడు వారాలుగా ఎప్పుడడిగినా మా ఆయన ఒకటే మాట, ఇంకో వారం అని. మొన్న సోమవారం నాకు సెలవు. వేడి వేడిగా తింటారు కదా అని చెప్పకుండా అన్నం పట్టుకెళ్ళాను. తలుపు తోశాను.

అక్కడ చూసింది ఇది. బండి నల్లగా, నిండుగా, పెళ్ళికి తయారైనట్టు మెరుస్తోంది. ఆ మూల లిల్లీ గుత్తి పూర్తయిపోయింది. ఆరు పూలు, పువ్వుకి ఆరు రేకులు. ఒక్క పువ్వులో ఒక్క రేకు తప్ప. ఆ రేకు ఉండాల్సిన చోట బొటనవేలంత చెక్క ముద్ద అలాగే ఉంది. ఉలులు బల్ల మీద వరసగా ఉన్నాయి, వాటి మీద దుమ్ము. మా ఆయన స్టూలు మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఫోన్‌లో బైబిల్ వాక్యం వింటున్నారు.

రోజూ తొమ్మిదింటికి అప్రన్ మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరే మనిషి. సాయంత్రం ఐదింటికి స్వెట్టరు నిండా చెక్క పొట్టుతో ఇంటికొచ్చే మనిషి. హాల్లో కార్పెట్ మీద రాలిన ఆ పొట్టుని నేను రోజూ హూవర్ మిషన్ పెట్టి తీస్తున్నాను, పాపం ఎంత కష్టపడుతున్నారో అనుకుంటూ. ఇప్పుడు చూస్తే బల్ల కింద ఒక బిస్కట్ల డబ్బా, దాన్నిండా ఎప్పటిదో పొట్టు. ఇంటికొచ్చే ముందు పిడికెడు తీసి మీద చల్లుకుంటున్నారన్నమాట. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని కథల్లో విన్నాను గాని, దానితో ముప్పై అయిదేళ్ళుగా కాపురం చేస్తున్నానని తెలియదు.

క్యారియర్ కింద పెట్టి, ఎన్నాళ్ళ నుంచీ నాటకం అని అడిగాను. ఆయన ఫోన్ ఆపారు. గుప్పెడు గింజలు నా వైపు చాపారు. నేను తీసుకోలేదు.

“అయిపోయినట్టే రోజా. ఒక్క రేకు,” అన్నారు.

“ఒక్క రేకుకి మూడు వారాలా?”

ఆయన ఇంకో కాయ ఒలిచారు. ఈయన మౌనం నాకు కొత్త కాదు. గొడవ పడితే మాట్లాడతారు, తప్పు చేస్తే మాట్లాడతారు, భయపడితేనే మాట్లాడరు. ఆ సంగతి నాకు ఆ క్షణాన తోచలేదు. కోపంలో ఉన్నాను. ఆ కోపంలో, ఈ మూడు వారాలుగా ఇంట్లో చెప్పని హోమ్ సంగతులన్నీ చెప్పేశాను.

“ఆవిడ పొద్దున మందు వద్దంటంది, తెలుసా మీకు? అదేసుకుంటే నిద్రొచ్చేత్తదంట. నిద్దట్లో ఉండగా మీరు బండి తెచ్చి చూపించి వెళ్ళిపోతారేమోనని భయం. నొప్పికి దుప్పటి అంచు కొరుక్కుంటా, నన్ను చూడగానే, అయిందా అని అడుగుతంది. రోజూ. నేను రోజూ, ఇంకో వారం అంటున్నాను, మీ మాట నమ్మి.”

ఆయన చేతిలో గింజలు కింద పడ్డాయి. ఏరడానికి కూడా వంగలేదు. ఆవిడ బాగానే ఉందని నువ్వే అన్నావు కదా అన్నారు. అన్న మాట నిజమే. ఎలా ఉందని ఆయన రోజూ అడిగేవారు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి మళ్ళీ ఆ సంగతులే ఎత్తడం ఇష్టం లేక, ఈ మధ్య, బాగానే ఉంది లెండి అనేస్తున్నాను. నా రెండు మాటల మీద ఆయన ఇంత కట్టుకున్నారని నాకేం తెలుసు?

“డాక్టరు ఆగస్టు దాటదన్నాడు,” అన్నారు మెల్లిగా. “ఇయాళ సెప్టెంబరు పదిహేను. నేను ఆపాను రోజా.”

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. బుధవారం బుధవారం పదిమందికి బైబిల్ స్టడీ చెప్పే మనిషి, బొటనవేలంత చెక్క ముక్కతో మనిషి ప్రాణం ఆపానంటున్నారు. అదే మాట అనబోయాను. అప్పుడు ఆయన చేతులు చూశాను. ఉలుల వైపు పోకుండా ఆ రెండు చేతుల్నీ తొడల కింద నొక్కి పెట్టుకున్నారు. నా నోటి దాకా వచ్చిన మాట మింగి, ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు. ముప్పై అయిదేళ్ళలో మొదటిసారి.

మా మామగారి కొట్టు నరసాపురం మిషన్ కాంపౌండ్ వెనక ఉండేది. ఆయనకి ఒక నియమం. ముందుగా పెట్టె చేసి ఉంచకూడదు. ఎవరైనా మంచంలో ఉన్నారని, నేడో రేపో అని కబురొస్తే పలకలు కోసి, చిత్రిక పట్టి, పెట్టె బిగించేవారు. కాని మూత మీద కుడివైపు పైమూల మేకు మాత్రం కొట్టేవారు కాదు. మేకుని చోట్లో నిలబెట్టి, సుత్తి పక్కన పెట్టి, మనిషి పోయారని మోగించే చర్చి గంట కోసం చూసేవారు. గంట మోగాకే ఆ మేకు. పెట్టె పూర్తయితే అది మనిషిని వెతుక్కుంటుందని ఆయన నమ్మకం. మంచంలో ఉన్నవాళ్ళు లేచి తిరిగితే, ఆ పెట్టె విప్పి ఆ పలకలతో బెంచీలు చేసేవారట. మా అత్తవారి చర్చిలో సగం బెంచీలు అలా వచ్చినవే. నేను పెళ్ళయిన కొత్తలో కూర్చున్న బెంచీలు. నాకెవరూ చెప్పలేదు.

అది 1980. ఈయనకి పంతొమ్మిదేళ్ళు. చెయ్యి తిరిగింది, తిరిగిందని తెలిసింది కూడా. ఆ రెండూ కలిస్తే కుర్రాడు నేల మీద నిలవడు. మామగారు కలప కోసం రాజమండ్రి వెళ్ళినప్పుడు, ఈయన మిగిలిన టేకు ముక్కలతో ఎవరికోసమూ కాకుండా ఒక పెట్టె చేశారట, పని చూపించడానికి. మూత నిండా ద్రాక్ష తీగ చెక్కారు. ఆకు ఆకుకీ ఈనెలు తీశారు. ముక్కలు పొట్టివి కాబట్టి పెట్టె కొంచెం పొట్టిగా వచ్చింది. మేకులన్నీ కొట్టేశారు.

“నాన్న వచ్చారు. తీగ మీద చెయ్యేసి ఇటునుంచి అటు దాకా తడివారు,” అన్నారు. “బాగుందని అంటారేమోనని నుంచున్నాను. మేకులన్నీ కొట్టేశావా అని అడిగారు. అంతే. తొమ్మిదో రోజు అమ్మ పోయింది. అమ్మ పొట్టి మనిషి రోజా. కొలిచి చేసినట్టు సరిపోయింది.”

మా అత్తగారు మార్తమ్మ గారిని నేను చూడలేదు. గుండె ఆగి పోయారని మాత్రం విన్నాను. ఈయన ఉలి ఎందుకు వదిలేశారని పెళ్ళయిన కొత్తలో అడిగితే, ప్లైవుడ్ వచ్చాక ఆ పనికి విలువ లేదన్నారు. నేను నమ్మాను. ఆ చేతుల్ని ఇరవై ఏళ్ళు ట్రాలీలు తోయడానికి వాడుకున్నారు. వాటిలో చాలా ట్రాలీలు మార్చురీకే వెళ్ళాయి. అక్కడ తనవల్ల ఎవరూ పోరు కదా అని ఆ పని ఆయనకి సుఖంగా ఉండేదట. పక్కన పడుకున్న మనిషి నలభై అయిదేళ్ళుగా తల్లిని తానే చంపానని అనుకుంటుంటే, నేను కరెంటు బిల్లు గురించి, మా అమ్మాయి హెప్సి చదువు గురించి, పప్పులో ఉప్పు గురించి మాట్లాడుతూ వచ్చాను.

డోరీన్ అడిగింది బాగుచేయడమే కదా, కొత్తగా చేయడం కాదు కదా అని ఈ పని ఒప్పుకున్నారట. చేతులు కూడా దురద పెట్టాయి, అది దాచలేదు. కాని ఆ మూల గుత్తి కొత్తగా చెక్కాల్సి వచ్చింది. ఒక్కో రేకూ విచ్చుకుంటున్న కొద్దీ డోరీన్ ఒక్కో మెట్టూ దిగుతోందని నేను చెబుతూ వచ్చాను. ఆఖరి రేకు దగ్గర ఉలి దించేశారు. ఆ వారమే ఆమె కొంచెం తేరుకుంది. ఆయన నమ్మకానికి ఇంకేం కావాలి.

కన్నీళ్ళు పెట్టుకుంటే లాభం లేదని నాకు తెలుసు. దేవుడి మాటలు చెబితే అవి ఆయనకే నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే పని. వార్డులో కొత్త పేషెంటు పక్కన కూర్చుని అడిగినట్టు అడగడం మొదలుపెట్టాను.

“అత్తయ్య ఎన్ని దిండ్లు ఏసుకునేవారండీ?”

ఆయన అర్థం కానట్టు చూశారు. నేను మళ్ళీ అడిగాను.

“పడుకునేది కాదు,” అన్నారు చివరికి. “గోడకి ఆనుకుని కూచునే నిద్దరోయేది. పడుకుంటే ఊపిరాడదనేది.”

“ఎప్పట్నుంచి?”

“చెల్లి పుట్టినప్పట్నుంచి. ఏడెనిమిదేళ్ళు.”

కాళ్ళు వాచేవా అని అడిగాను. సాయంత్రానికి వాచేవి, కాళ్ళ పట్టీలు బిగిసిపోతున్నాయని తీసేసింది అన్నారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం ఏమైనా వచ్చిందా అన్నాను. పదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచి నెల రోజులు మంచం దిగలేదని అమ్మమ్మ చెప్పేదన్నారు. ఇంకొక్కటి మిగిలింది.

“బుగ్గలు ఎలా ఉండేవి?”

ఆయన మొహంలోకి చిన్న నవ్వు వచ్చింది, ఆ సమయంలో కూడా. “ఎర్రగా ఉండేయి. దొరసాని బుగ్గలనేవారు కాంపౌండ్లో అందరూ. ఏ?”

ఆ బుగ్గలు నేను చాలామందికి చూశాను. కాకినాడలో ట్రైనింగ్‌లో ఉండగా, స్త్రీల వార్డులో, గోడకి ఆనుకుని కూర్చున్న చిన్న వయసు ఆడవాళ్ళకి. ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. గుండెలో ఒక తలుపుంటుంది, కీళ్ళ జ్వరం దాన్ని బిగదీసేస్తుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది, ఒకరోజు ఇంక తెరుచుకోదు. ఆ రోజుల్లో మన ఊళ్ళో దాన్ని కనిపెట్టేవాళ్ళూ లేరు, బాగుచేసేవాళ్ళూ లేరు.

“మీరు పుట్టకముందే మొదలైన జబ్బండీ అది,” అన్నాను. “మీ మేకు దాకా ఆగలేదు.”

మరి నాన్న ఎందుకలా అడిగారు అన్నారు ఆయన. అక్కడే ఉంది ముడి. నలభై అయిదేళ్ళూ ఆయన్ని కట్టేసింది తల్లి చావు కాదు, తండ్రి అడిగిన ఆ ఒక్క ప్రశ్న. నాకు తోచింది చెప్పాను. ఊళ్ళో ఎవరినైనా కంటితో చూసి కొలత చెప్పగల మనిషికి, పక్కన గోడకి ఆనుకుని నిద్రపోయే భార్య కొలత తెలియదా? ఆమె ఎన్నాళ్ళో ఉండదని తెలియదా? తెలుసు. ఆ పెట్టె ఒకరోజు తనే చేయాలని కూడా తెలుసు. రాజమండ్రి నుంచి వచ్చేసరికి కొడుకు చేసేసి ఉన్నాడు, ద్రాక్ష తీగతో సహా.

“ఆయన మిమ్మల్ని తిట్టలేదండీ. ఆ పెట్టె ఆయన చేతులు చేయలేవు. మీరు చేసేశారు. అన్ని మేకులూ కొట్టేశావా, ఇంక నేను కొట్టాల్సిందేమీ లేదా అని అడిగారు.”

నిజమో కాదో దేవుడికి తెలుసు. మామగారు పోయి పదిహేనేళ్ళయింది, అడగడానికి లేరు. కాని ఆ మాట అన్నాక మా ఆయన ఏడ్చారు. ముసలాడిలా కాదు, పంతొమ్మిదేళ్ళవాడిలా ఏడ్చారు. నేను ఆయన తల నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. క్యారియర్లో చేపల పులుసు చల్లారిపోయింది. అలాగే తిన్నాం ఇద్దరం, ఆ షెడ్డులో, ఆ బండి పక్కన. అంత రుచిగా ఈ మధ్యన నేను వండలేదు.

తిన్నాక ఉలుల మీద దుమ్ము తుడిచారు. ఇప్పుడే చెక్కేస్తారేమో అనుకున్నాను. చెక్కలేదు. ఆ రేకు డోరీన్ ఎదురుగానే చెక్కుతానన్నారు. ఆవిడకి చెప్పకుండా పని ఆపడం తప్పు, చెప్పకుండా పూర్తి చెయ్యడమూ తప్పేనట. అంత నమ్మకం ఒక పూటలో పోతుందా? పోదు. భయపడుతూనే చేస్తానంటున్నారు, అది చాలు నాకు.

బండిని హోమ్‌కి తేవడానికి గురువారం పదకొండింటికి ముహూర్తం. దానికి ముందు మా మేనేజరుతో ఒక యుద్ధం జరిగింది. హోమ్‌కి హర్స్ ఎప్పుడొచ్చినా వెనక గుమ్మానికి రావాలి, చెత్త బిన్లు పెట్టే వైపు, మిగతావాళ్ళు కంగారు పడకుండా. అది రూలు. డోరీన్ ఆ రూలు విని, తన తండ్రి బండి జన్మలో బిన్ల పక్కన నిలబడలేదని కబురు పంపింది. మేనేజరు తల పట్టుకుంది, చివరికి ఒప్పుకుంది. తీరా బండి ముందు గేటులోంచి వస్తుంటే కంగారు పడిందీ మేనేజరొక్కతే. ముసలివాళ్ళంతా కిటికీల దగ్గర ఉన్ని కార్డిగన్లు సర్దుకుని వరసగా కూర్చున్నారు, ఊరేగింపు చూసినట్టు. ఎవరికోసం వచ్చిందని ఒకాయన అడిగాడు. ఎవరికోసం కాదు, చూడ్డానికొచ్చిందని చెబితే, అయితే మంచిదే అని టీ తాగాడు.

బండి నడిపింది పార్థసారథి గారు. మా ఆయన పక్క సీట్లో ఉలుల సంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వచ్చినవాడిలా కూర్చున్నారు. నేను డోరీన్‌ని వీల్‌చెయిర్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బయటికి తీసుకొచ్చాను. ఆమె పొద్దున మందు సగమే వేసుకుంది. మొహం కాగితంలా ఉంది, కళ్ళు మాత్రం చిన్నపిల్లవి. బండి చుట్టూ తిప్పమంది. చెక్క తెరల మడతల్లో వేళ్ళు పెట్టింది. చిన్నప్పుడు ఆ మడతల్లో దుమ్ము తుడవడం తన పనేనట, శనివారం శనివారం, చీపురుపుల్లకి గుడ్డ చుట్టి.

ఎడమవైపు వెనక మూలకి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళకంటే ముందు వేళ్ళకే తెలిసింది. ఇక్కడొకటి మిగిలిపోయిందని అంది.

మా ఆయన ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. తన ఇంగ్లీషులో, ఆగి ఆగి, అంతా చెప్పారు. తండ్రి నియమం, గంట, మేకు, తల్లి. తను మూడు వారాలు ఎందుకు ఆలస్యం చేశారో చెప్పి, క్షమించమన్నారు. ఆమె మొత్తం విన్నది. విని, నవ్వింది. ఆ నవ్వు దగ్గుగా మారితే నేను వీపు నిమిరాను.

“మా నాన్న స్టోరులో ఎప్పుడూ పధ్నాలుగు పెట్టెలు తయారుగా ఉండేవి, ప్రేమ్,” అంది. “వాటివల్ల ఎవరూ పోలేదు. పోయేవాళ్ళే పోయారు. కానివ్వు.”

మా ఆయన ఉలి తీశారు. కొయ్య సుత్తితో మొదటి దెబ్బ చాలా మెల్లిగా వేశారు, తలుపు తట్టినట్టు. తర్వాత చెయ్యి దానంతటది నడిచింది. అంతవరకూ ఈ మనిషి చెక్కుతుండగా నేను చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా వచ్చి డోరీన్ దుప్పటి మీద పడుతోంది. ఆమె ఒకటి తీసి వాసన చూసింది. రేకు అంచు పల్చబడి, కొన వెనక్కి వంగి, మెల్లిగా విచ్చుకుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. షెడ్డులో అంత శాస్త్రం చెప్పిన నర్సుని, ఆ రేకు పూర్తవుతున్నంతసేపూ నా వేళ్ళు డోరీన్ మణికట్టు మీదే ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. నాడి లెక్క పెడుతున్నాను. ఎనభై నాలుగు. ఎనభై ఆరు. మా ఆయన ఉలి దించి, రేకు మీద పొట్టు ఊది, తల తిప్పకుండా, “రోజా?” అన్నారు. ఎనభై ఆరే అన్నాను. ఆయన నేల మీద చతికిలబడ్డారు. కిటికీల్లోంచి ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకి తెలియదు, పని పూర్తయిందని తెలుసు, అంతే.

డోరీన్ ఆ రేకు మీద చాలాసేపు చెయ్యి ఉంచింది. ఇక సంతోషమేనా అని అడిగాను. ఇక ఏ నొప్పీ లేకుండా నిద్రపోవచ్చు, మందు పూర్తిగా వేసుకోండి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వచ్చే ఆదివారం తనని ఈ బండిలో తీసుకెళ్ళాలంది. ముందు సీట్లో, కూర్చుని.

నేను సరదాకి అంటోందనుకున్నాను. ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తీసుకొద్దామని మా ఆయన అప్పుడే తల ఊపుతున్నారు కూడా.

“మీరంతా నేను పడుకుని వెళ్ళడానికి దీన్ని బాగుచేయించాననుకున్నారు,” అంది డోరీన్. “దానికి ఏ బండైనా సరిపోతుంది. నాకిది కావాల్సింది కూర్చుని వెళ్ళడానికి.”

ఎక్కడికని అడిగాను. మాంచెస్టర్ అవతల ఒక చిన్న ఊరి పేరు చెప్పింది. అక్కడి చర్చి వెనక సమాధుల తోట. 1954లో తనకి పదిహేడేళ్ళట. పెళ్ళి కాలేదు. ఇంటి పరువు కోసం అంత దూరం పంపేశారు. బాబు పుట్టాడు. పదకొండు రోజులే బతికాడు. ఆమె తండ్రి ఈ బండి వేసుకుని ఒక్కడే రెండు వందల మైళ్ళు వచ్చాడు. ఆమెని మంచం దిగనివ్వలేదు, చూడనివ్వలేదు. బాబుని పాతిపెట్టిన ఆ ఊరి పేరు తను చనిపోయే ముందు చెప్పాడు. దాంతో పాటు ఇంకొక్కటి చెప్పాడు.

“అంత చిన్న పెట్టెకి వెనక అంత చోటెందుకని, ముందు సీట్లో తన పక్కనే పెట్టుకున్నాడట. ఒక చేత్తో స్టీరింగు, ఒక చెయ్యి దాని మీద. నేను ఆ సీట్లోనే కూర్చుని వెళ్ళాలి.”

నాలుగేళ్ళ కిందట ఆమె మా హోమ్‌కి వచ్చిన రోజున ఫైలు నింపింది నేనే. పిల్లలు అన్న చోట, లేరు అని నా చేత్తోనే రాశాను. అడిగినప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. దాన్ని నేను జవాబనుకున్నాను.

మా ఆయన కళ్ళు తుడుచుకుని లేచి, ముందు సీటు తలుపు తెరిచి, దిండు ఎక్కడ పెడితే ఒరిగి కూర్చోవచ్చో అప్పుడే చూస్తున్నారు. పార్థసారథి గారు మాత్రం నన్ను పక్కకి పిలిచి, చెవిలో చెప్పారు. ఈ ఇంజిన్ గంటకి ముప్పై మైళ్ళు దాటదు, దాటించకూడదు. అంటే ఏడు గంటల ప్రయాణం, ఆగకుండా వెళితే. ఆ పొద్దున్నే క్లినిక్ నుంచి డాక్టరు వచ్చి, ఆమెని గది దాటించవద్దని ఫైల్లో రాసి వెళ్ళాడు. కింద సంతకం చేసింది నేను. గుమ్మం దాకానే కదా అని ఇప్పటికే ఒకసారి దాటించాను.

“ఆదివారం దాకా నేనుంటాను, రోజా. ఆ భారం నాది,” అంది డోరీన్. “తీసుకెళతావా?”

వెనక్కి తిరిగి మా ఆయన నా వైపు చూశారు. ఆమె కూడా చూస్తోంది. ఆమె మణికట్టు ఇంకా నా వేళ్ళ మధ్యనే ఉంది, నేను లెక్క తప్పాను.